'ఉప్పు తగినంత' అంటే ఎంతండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే వంటల శీర్షికను మా ఆవిడ కత్తిరించి దాచుకుంటుంది. పోయిన నెల ఒక సాయంత్రం ఆ ముక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొత్తం ముప్ఫై ఏడు వంటలు. పప్పు ఎన్ని గ్రాములో, పిండి ఎన్ని కప్పులో, ఎన్ని నిమిషాలు ఉడకాలో అన్నీ రాశారు. ఆఖరి వరస మాత్రం ముప్ఫై ఏడింట్లోనూ ఒకటే: 'ఉప్పు తగినంత, నూనె సరిపడా'. ఎవరికి తగినంత? ఎంతకు సరిపడా? ఇది అడగడానికే ఈ ఉత్తరం. ఈ ప్రశ్న నాకెందుకు పుట్టిందో చెప్పకపోతే మాత్రం ముసలాయనకి పనేం లేదనుకుంటారు. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించాలి.

నేను డ్రిల్లు మాస్టారిని. ముప్ఫై నాలుగేళ్లు పల్లెటూరి బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. పిల్లల్ని పరిగెత్తించిన దూరం కలిపితే భూమి చుట్టూ ఎన్నిసార్లు వచ్చేదో. నేను మాత్రం మెడలో విజిల్ వేసుకుని చెట్టు నీడన నిలబడేవాణ్ణి. రిటైరైన రెండో ఏడు పరగడుపు షుగర్ 168 వచ్చింది, బరువు 82 కిలోలు. డాక్టరు గారు రిపోర్టు చూసి, ఏం ఉద్యోగం చేసేవారని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ తర్వాత లండన్ బస్సుల సంగతి చదివాను. జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనీ కండక్టర్లనీ పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. ఒకే బస్సు, ఒకే రోడ్డు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టికెట్లు కొట్టడానికి రోజంతా మెట్లెక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లకే ఎక్కువ వచ్చింది. కొన్నేళ్ల తర్వాత వాళ్ల యూనిఫారాల కొలతలు కూడా ఆయన తీయించి చూశాడు. డ్రైవర్ల ప్యాంట్లే నడుం దగ్గర వెడల్పు. ఆ మోరిస్ గారు 99 ఏళ్లు బతికారు. ఇది చదివాక నాకు తెలిసొచ్చింది. బడి మైదానంలో నా పిల్లలంతా కండక్టర్లు. నేనొక్కణ్ణే డ్రైవర్ని.

'పల్లెటూళ్లో వ్యాయామం ఎందుకండీ, పొలం పనికి మించిన వ్యాయామం ఉందా' అనే మాట నేనూ చాలాసార్లు అన్నాను. అది ఒకప్పుడు నిజం. తొమ్మిది అంగుళాల చాలుతో ఒక ఎకరం దున్నాలంటే నాగలి వెనక 17 కిలోమీటర్ల పైచిలుకు నడవాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, దాన్ని చాలు వెడల్పుతో భాగించండి, ఎవరైనా చూసుకోవచ్చు. మా నాన్న ఆ దూరం మట్టిలో, కాళ్లు దిగబడుతుంటే నడిచేవాడు. ఇప్పుడు అదే ఎకరం ట్రాక్టరు సీటు మీద కూర్చున్నంతలో అయిపోతుంది. నేను ట్రాక్టరును తప్పుపట్టడం లేదు. నాగలి వెనక నడిచినవాళ్ల నడుములు చివరికి ఏమయ్యాయో దగ్గరుండి చూసినవాణ్ణి. పని యంత్రం తీసుకుంది, మంచిదే. తిండి మాత్రం నాగలి నాటి లెక్కలోనే ఉండిపోయింది, పైగా పాకెట్లూ సీసాలూ వచ్చి కలిశాయి. పొలానికి బండి మీద వెళతాం, గట్టు దాకా వెళతాం, గట్టు మీద నిలబడి ఫోన్లో మాట్లాడి వచ్చేస్తాం. దీన్నే పొలం పని అంటున్నాం.

ఊబకాయం పట్నం వాళ్ల జబ్బు అనుకోవడం కూడా పాతబడిన మాటే. 1985 నుంచి 2017 దాకా 11 కోట్ల మందికి పైగా పెద్దవాళ్ల ఎత్తూ బరువూ కూడదీసి, చాలా దేశాల పరిశోధకులు కలిసి 2019లో ఒక లెక్క తేల్చారు. ప్రపంచంలో ఎత్తుకు తగ్గ బరువును చూసే సూచిక సగటున ఎంత పెరిగిందో, ఆ పెరుగుదలలో సగానికి పైగా, అంటే 55 శాతం పైచిలుకు, పల్లెల వల్లే వచ్చిందట.

ఒళ్లు వంచి పనిచేస్తే చాలదా అంటే, చాలదు. దానికి ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియా సాక్ష్యం. అడవులూ సరస్సులూ పాడీ తప్ప ఏమీ లేని పల్లె ప్రాంతం అది. మగవాళ్లు చెట్లు నరికేవాళ్లు, పొలం చేసేవాళ్లు. అంత కష్టం చేసే మనుషులు, నడివయసులోనే గుండె ఆగి రాలిపోతుండేవారు. 1960ల చివర్లో ఆ మరణాల్లో ప్రపంచంలోనే పైవరసలో ఉన్న చోటు అది. రొట్టె మీద దట్టంగా వెన్న, అన్నింట్లోనూ ఉప్పు, చేతిలో సిగరెట్టు, కూరగాయల ఊసే లేదు. 1971లో అక్కడి వాళ్లే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మరుసటేడు పని మొదలైంది. దాన్ని నడిపిన పెక్కా పుస్కా అనే డాక్టరుకు అప్పటికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

నాకు ఆ కథలో నచ్చింది డాక్టరు కాదు, గృహిణులు. అక్కడ మార్తా అని ఆడవాళ్ల సంఘం ఉంది. వాళ్లు ఊరూరా సాయంత్రాలు వంటలు పెట్టారు. జనం అలవాటుపడ్డ మాంసం పులుసునే కొవ్వూ ఉప్పూ తగ్గించి, కూరగాయలు కలిపి వండి, కూర్చోబెట్టి తినిపించారు. కొత్త వంటేమీ నేర్పలేదు. ఊళ్ల మధ్య కొలెస్ట్రాల్ ఎవరు ఎక్కువ తగ్గిస్తారని పోటీలు పెట్టారు. వెన్న తగ్గితే పాడి రైతు ఏం కావాలి? అతనికి బెర్రీ పళ్ల తోటలు వేసుకునే దారి చూపారు. నాలుగు దశాబ్దాల్లో 35–64 ఏళ్ల మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అంతా పులుసు మహిమే అనను. పొగ మానినవాళ్లున్నారు, బీపీ మందులున్నాయి, వైద్యమూ మెరుగైంది. కానీ 'మీరు తప్పు తింటున్నారు' అని వేలు చూపించి ఊరుకుంటే ఇంత జరిగేది కాదు.

మా ఊరికి అప్పుడప్పుడు వైద్య శిబిరం వస్తుంది. పోయినసారి పంచిన కరపత్రం మీద ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతున్న అమ్మాయి బొమ్మ ఉంది. దాని గురించి ఇంకేం రాయాలి?

ఇక మా ఉప్పు సంగతికి వస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్ద మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీ చెంచాడు. మా ఇంట్లో నలుగురం పెద్దవాళ్లం. నలుగురికి 20 గ్రాములు. అంటే కిలో పాకెట్టు యాభై రోజులు రావాలి. ఇంతకంటే సులువైన పరీక్ష లేదు, రక్తం ఇవ్వక్కర్లేదు, సూది లేదు. కొత్త పాకెట్టు విప్పిన రోజు తేదీని పెన్నుతో దాని మీదే రాశాను. ఇరవై నాలుగో రోజుకి ఖాళీ. మనిషికి పది గ్రాములు పడింది. మా ఆవిడ ఒప్పుకోలేదు. 'కూరగాయలు కడిగే నీళ్లలో వేసింది కూడా మా కడుపులోకే పోయిందా?' అంది. న్యాయమే. కానీ మా అబ్బాయి బయట తిని వచ్చిన ఉప్పు ఈ పాకెట్టులో లేదు కదా అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండో పాకెట్టు ముప్ఫై ఒక్క రోజులు వచ్చింది, మూడోది ముప్ఫై ఎనిమిది. మేం చేసిందల్లా మూడు పనులు. భోజనాల దగ్గర ఉప్పు డబ్బా తీసేసి వంటింటి పై అరలో పెట్టాం. చేత్తో చల్లే ఉప్పును చెంచాతో వేయడం మొదలుపెట్టాం. కొన్ని కూరల్లో దించాక నిమ్మరసం పిండుతున్నాం, పులుపు ఉంటే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకు అంత తెలియదు. మొదటి పది రోజులు మా అబ్బాయి ప్రతి ముద్దకీ మొహం పెట్టాడు. మూడు నాలుగు వారాలకి అలవాటైపోయింది. ఇప్పుడు ఎక్కడైనా విందుకు వెళితే వాడే 'ఇంత ఉప్పేంటి' అంటున్నాడు. ఒక్కసారిగా సగానికి కోసేస్తే మాత్రం ఇంట్లో యుద్ధమే. మెల్లగా దిగాలి.

మా వీధిలో ఇంకో ఎనిమిది ఇళ్ల వాళ్లు పాకెట్ల మీద తేదీలు రాయడం మొదలుపెట్టారు. ఒక ఇంట్లో నలుగురికి కిలో ఉప్పు అరవై రోజులు వచ్చింది. అందరం వెళ్లి మెచ్చుకున్నాం. తీరా చూస్తే ఆ ఇంట్లో చిరుతిళ్ల పాకెట్లు రోజూ రెండు మూడు ఖాళీ అవుతున్నాయి. అప్పుడు పాకెట్టు వెనక చదవడం నేర్చుకున్నాం. అక్కడ చాలాసార్లు ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే గ్రాము ఉప్పన్నమాట. ఆ అంకె వంద గ్రాములకా, పాకెట్టు మొత్తానికా అన్నది కూడా చూసుకోవాలి, అక్కడే మోసపోతాం. ఇంకొకటి, అందులో కలిపిన వస్తువుల జాబితాలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాస్తారు. చక్కెర రెండో పేరుగా ఉన్న బిస్కెట్టును పేరులో ఆరోగ్యం ఉందని కొనుక్కుంటున్నాం. ఎనిమిదో తరగతి చదివే పిల్లలు ఈ లెక్కలు మా అందరికంటే వేగంగా చేశారు. అసలు వాళ్లకే అప్పజెప్పాలి ఈ పని.

నూనె గురించి ఎక్కువ రాయను. గ్రాముకు తొమ్మిది క్యాలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో సుమారు 120 క్యాలరీలు ఉంటాయి. నా బరువున్న మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది కాస్త అటూ ఇటూగా అంతే. డబ్బా వంచి నేరుగా మూకుట్లో పోసే చెయ్యి ఒక చెంచా ఎక్కువ పోసిందంటే, ఎవరో అరగంట నడవాలి. టీ లెక్క కూడా అంతే. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర. నాకు షుగర్ రాకముందు నా లెక్క ఇది. చెంచాకు 4 గ్రాములు వేసుకున్నా 32 గ్రాములు. విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలంటారు. అంటే మిగతా రోజంతా తీపి ముట్టకపోయినా టీతోనే గీత దాటేశాను.

ఇప్పుడు నడక. పల్లెటూళ్లో నడవడానికి అడ్డం చోటు లేకపోవడం కాదు, నోళ్లు. చెప్పులు వేసుకుని పొలానికి నడిస్తే ఎవరూ ఏమీ అనరు. అదే బూట్లు వేసుకుని ఊరికే నడిస్తే ప్రతి అరుగు మీది నుంచీ ఒక మాట. నేను మొదలుపెట్టిన రోజు ముగ్గురు బళ్లాపి ఎక్కమన్నారు. నాలుగో ఆయన 'ఏం మాస్టారూ, బస్సు తప్పిపోయిందా?' అన్నాడు. మగవాణ్ణి, మాస్టారిని, నాకే అలా ఉంటే ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 'ఇంట్లో పని లేదు కాబోలు' అంటారు. దానికి తోడు కుక్కలు, చీకటి, రోడ్డు మీద లారీలు. రోడ్డు మీదే నడవాల్సి వస్తే ఎదురుగా వచ్చే బళ్లు కనిపించే వైపున నడవండి, లేత రంగు బట్టలు వేసుకోండి. ఇది నేను బడిలో ముప్ఫై నాలుగేళ్లు చెప్పిన పాఠం.

మాకు దారి దొరికింది బడి మైదానంలో. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా గేటు తీసి ఉంచడానికి బడివాళ్లు ఒప్పుకున్నారు. తాడు పట్టుకుని కొలిచి 200 మీటర్ల గుండ్రం గీశాను, సున్నంతో. అయిదు చుట్లు తిరిగితే కిలోమీటరు. ఒక మూల లైటు పెట్టించాం. మొదటి వారం నలుగురు ఆడవాళ్లు వచ్చారు, నలుగురూ గోడ వైపే తిరిగి నడిచారు. ఇప్పుడు ఇరవై మంది దాకా వస్తున్నారు. ఒక్కళ్లు నడిస్తే 'పని లేదా' అనే ఊరు, ఇరవై మంది నడిస్తే 'మేమూ రావచ్చా' అంటుంది. ఇందులో నా గొప్పేమీ లేదు, లైటుదే.

అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3,234 మంది మీద చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో తిండి మార్చుకుని, వారానికి 150 నిమిషాలు కదిలి, బరువులో ఏడు శాతం తగ్గించుకోవాలని లక్ష్యం పెట్టుకున్నవాళ్లలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతం. అందరూ ఈ అంకెలే చెబుతారు. ఆ మొదటి గుంపులో ప్రతి మనిషికీ కూర్చోబెట్టి పదహారు పాఠాలు చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడన్నది ఎవరూ చెప్పరు. తోడుంటేనే సాగింది వాళ్లకైనా.

నూట యాభై నిమిషాలంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు. ఒకేసారి చేయక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కలోకే వస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగం సరిపోయిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. పది వేల అడుగులు వేయలేకపోతున్నామని బెంగపెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఆ అంకె వైద్యుల నుంచి పుట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన అడుగులు లెక్కించే యంత్రం పేరు 'మాన్‌పో కే', అంటే పది వేల అడుగుల మీటరు. పేరు బాగుందని ప్రపంచమంతా పట్టుకుంది. మీరు నాలుగు వేలు నడుస్తుంటే అయిదు వేలకు రండి, అదే మేలు. అరవై అయిదు దాటినవాళ్లకు నడకొక్కటే చాలదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోగలరేమో చూడండి. మా గుంపులో మొదట్లో ముగ్గురు లేవలేకపోయారు. అందులో ఒకాయన కుస్తీ పట్టిన మనిషి.

ఒక గుంపును మాత్రం నేను నడవమనను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలుపు తీసి, మోపులు మోసి, ఇంటికొచ్చి నీళ్లు తోడే మనిషిని 'అమ్మా, రోజూ అరగంట నడువు' అంటే అంతకన్నా ఎగతాళి ఉండదు. ఒక శిబిరంలో అలాంటావిడకే అలా చెప్పడం నేను విన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. ఆమెకు కావాల్సింది విశ్రాంతి, పళ్లెంలో పప్పు, గుడ్డు, ఆకుకూర. అందరూ తిన్నాక మిగిలింది తినడం కాదు, అందరితో పాటు కూర్చుని తినడం. ఒకే ఇంట్లో రక్తం తక్కువై కళ్లు తిరిగే కోడలూ షుగర్ ఎక్కువై కాళ్లు మొద్దుబారే అత్తా ఉంటున్నారు. ఇద్దరికీ ఒకే కరపత్రం.

నా సంగతి అడుగుతారేమో. పదకొండు నెలల్లో 82 కిలోలు 76 అయ్యాను. పరగడుపు షుగర్ 124. మాత్ర మానలేదు, డాక్టరు గారే మోతాదు తగ్గించారు. మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు వాళ్లంతట వాళ్లు తగ్గించుకోకూడదు. నడుస్తుంటే షుగర్ మరీ పడిపోవచ్చు, అందుకే నడకకు వెళ్లేటప్పుడు జేబులో చక్కెర బిళ్లలు పెట్టుకోవాలి. మా గుంపులో ఒకాయనకు మూడో చుట్టులో చెమటలు పట్టి కూలబడ్డాక నేర్చుకున్న పాఠమిది.

ఇంతకీ మిమ్మల్ని అడిగేది చిన్న పని. ఆరోగ్యం పేజీలో వ్యాసాలు వేయమనడం లేదు, అవి వేస్తూనే ఉన్నారు. వాటిని చదివేది మాలాంటి జబ్బు వచ్చినవాళ్లే. వంటల శీర్షిక మాత్రం వంట చేసేవాళ్లు చదువుతారు. అందులో 'తగినంత', 'సరిపడా' తీసేసి, ఉప్పు ఎన్ని టీ చెంచాలో, నూనె ఎన్ని పెద్ద చెంచాలో, ఎంతమందికో రాయండి. రాసి పంపేవాళ్లకు కూడా ఆ నియమం పెట్టండి. కొలిచి రాయాలంటే ముందు వాళ్లూ కొలిచి వండాలి కదా. మా ఆవిడ దగ్గరున్న ముప్ఫై ఏడింటిని ఆవిడే చెంచా పట్టుకుని ఒక్కొక్కటిగా మళ్లీ వండుతోంది, కొలతలు పక్కన పెన్సిలుతో రాస్తోంది. ఇప్పటికి పందొమ్మిది అయ్యాయి. కావాలంటే ఆ కత్తిరింపులు పంపిస్తాం, చూసి తిరిగి ఇచ్చేయాలని ఆవిడ షరతు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు